ఏబదియవ యేట మరల మొదలిడుట



మన జనగామ ప్రాంతపు గ్రామములలో ఏబది యేండ్లు దాటిన రైతును గూర్చి నలుగురు మాటలాడుకొను తీరు నొకసారి గమనింపుడు. "ఆయనదేమున్నది, అయిపోయింది, ఇగ కొడుకులే చూసుకోవాలె" అందురు. ఈ మాట పరులు పలికినంత కాలము దాని వలన గొప్ప కీడు లేదు. ఆ రైతే తన్ను గూర్చి యట్లు తలపోయుట మొదలిడినప్పుడు కీడు కలుగును. పొలము పాడు పడుటకు ముందుగా మనస్సు పాడు పడును. నిరుడు వేసిన పత్తినే ఈ యేడును వేయును. నిరుడు అరువు తెచ్చిన దుకాణముననే మరల అరువు తెచ్చును. కట్ట తెగినను, కంచె పడినను "ఇంక నాకెందుకు" అని చూచి యూరకుండును. దీనిని సోమరితన మనుట న్యాయము గాదు. తన పని ముగిసినదను నమ్మకము వానిని కూర్చుండబెట్టినది. ఆ నమ్మకము తప్పని మా యభిప్రాయము. ఏల తప్పో, దానిని తొలగించుటకు మన సంఘము చేయదగిన దేమో, ఇందు మనవి చేయుచున్నాము.

నేడు మన పల్లెలలో కానవచ్చు స్థితి యిది. కుమారులు రైలెక్కి హైదరాబాదునకు పోయిరి. కుమార్తెలు అత్తవారిండ్లకు పోయిరి. రెండు మూడెకరముల చెలకయు, ఒక బావియు, భార్యాభర్తలిద్దరును మిగిలిరి. ముప్పది యేండ్లు వారు పడిన పాటంతయు పిల్లలను పెంచుటకును, చదివించుటకును, పెండ్లిండ్లు చేయుటకును సరిపోయెను. ఆ పని తీరినది. ఇప్పుడు తెల్లవారకముందే లేచి బావికడకు పోవలసినప్పుడు కాళ్లకు బలము కావలయును. అంతకన్న ముందుగా ఒక కారణము కావలయును. మేమొక గ్రామమున విత్తన శుద్ధిని గూర్చి చెప్పుచుండగా ఒక పెద్దమనిషి లేచి, "సారూ, ఎట్ల ఏయాలెనో తర్వాత చెప్పుండ్రి, ఎవల కోసం ఏయాలెనో ముందుగాల చెప్పుండ్రి" అనెను. నవ్వినవారు కొందరు కలరు. మాకు నవ్వు రాలేదు. వ్యవసాయ బోధకునకు ఇంతకన్న పెద్ద ప్రశ్న యెదురు కాజాలదు.

మన పూర్వులు ఈ వయస్సునకు వానప్రస్థమను పేరిడిరి. గృహభారమును కుమారునకు అప్పగించి తాను తొలగుట అందలి పద్ధతి. అయితే ఆ యేర్పాటునకు ఆధారమొకటి కలదు. భారమును అందుకొను కుమారుడు ఇంటనే యుండవలెను. నేడు అప్పగింతమన్నను అందుకొనువాడు ఊరిలో లేడు. కావున ఏబది యేండ్ల రైతు వనమునకు పోజాలడు, పొలమునకు పోవ మనసొల్లడు. ఈ రెంటి నడుమ ఇంటి అరుగుపై కూర్చుండి యున్నాడు. ఇరువది యేండ్ల బ్రదుకు ఇంకను మిగిలి యుండగా అరుగుపై కూర్చుండుట ఒక శిక్ష వంటిది.

ప్రభుత్వపు పథకములు సైతము తమకు తెలియకయే ఈ భావమును బలపరచుచున్నవి. 2018 ఆగస్టులో తెలంగాణ రాష్ట్రమున మొదలైన రైతు బీమా 18 మొదలు 59 ఏండ్ల వరకు గల రైతులకు ఏర్పడినది. 2019లో కేంద్ర ప్రభుత్వము చిన్న రైతులకై ఆరంభించిన పింఛను పథకమున చేరుటకు 18 మొదలు 40 ఏండ్ల వయస్సు వారే అర్హులు. బీమాకును పింఛనుకును వాటి లెక్కలు వాటికి కలవు. వాటిని మేము తప్పు పట్టము. కాని కాగితముపై వయస్సు గడి చూచి, "నా వయస్సు దాటిపోయినది" యని రైతు పలుకునప్పుడు, పథకపు హద్దును తన బ్రదుకునకు హద్దుగా గైకొనుచున్నాడు. ఈ రెండు హద్దులు వేరు. వేరని చూపుటకు దూరము పోనక్కరలేదు. పాలకుర్తి మన జిల్లాలోనిదే.

చాకలి ఐలమ్మ పేరెరుగనివారు మనలో లేరు. 1895వ సంవత్సరము సెప్టెంబరు 26 ఆమె జన్మదినముగా నేడు ప్రభుత్వము పాటించుచున్నది. కులవృత్తిని బట్టి చూచిన ఊరివారి మైల యుతుకుట ఆమె పని. ఆమె మల్లంపల్లి భూస్వామి వద్ద భూమి కౌలునకు గొని సేద్యమునకు దిగెను. విసునూరు దేశ్‌ముఖు రామచంద్రారెడ్డి ఆ పంటను తన మనుష్యులచే కోయించుకొనిపోవ నుద్యమించినప్పుడు, అనగా 1940వ దశాబ్దము నడుమ, ఆమెకు రమారమి యేబది యేండ్లు. పిల్లలు గలది, సంసారము గలది. ఊరి దొరతో మాటకు మాట చెప్పుటకే జనులు వెరచిన దినములవి. ఆంధ్ర మహాసభ సంఘపు కార్యకర్తలు ఆమె పక్షమున నిలిచిరి. పంట కోసి ఆమె యింటికే చేర్చిరి. ఆ మీదట ఆమెయు ఆమె కుటుంబమును పడిన బాధలు సామాన్యములు గావు. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండునకు బలియగుటతో తెలంగాణ రైతాంగ పోరాటము దావానలమైన సంగతి మనకు దెలిసినదే. ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న మరణించెను. 2024లో హైదరాబాదు కోఠి మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టబడెను.

ఈ కథను పోరాటపు కథగానే మనము విని యున్నాము. రైతు దృష్టితో ఇంకొక విధమున జూడుడు. తన వయస్సు దాటినదని ఆమె యనుకొన్నచో అడ్డు పడువారెవ్వరు? "ఈ వయసులో దొరతో నాకేల" యని పంట వదలుకొన్నను ఆమెను తప్పు పట్టువారు లేకపోయిరి. ఆమెను నేడు మనము తలచుకొనుట ఏబది యేండ్లకు ముందరి బ్రదుకును బట్టి కాదు. తరువాతి బ్రదుకును బట్టియే. ఆ తరువాతి భాగము సుమారు నలుబది యేండ్లు. ఏబది కడ లెక్క మూసినచో ఆమె బ్రదుకులో సగమునకు దగ్గరి భాగము, అందును సారమైన భాగము, లెక్కలోనికి రాదు.

రెండవ దృష్టాంతము మన సహకార సంఘమునకే మూలపురుషునిది. జర్మనీ దేశపు ఫ్రీడ్రిక్ విల్‌హెల్మ్ రైఫైజన్ 1818లో జన్మించెను. యౌవనమున సైన్యమున జేరి, కన్నుల జబ్బుచే దానిని విడిచెను. 1845లో వైయర్‌బుష్ అను చిన్న యూరికి మేయరయ్యెను. మరుసటి యేడాది పంటలు పోయి కరవు రాగా జనులకు రొట్టెల నిమిత్తము ఒక సంఘము నేర్పరచెను. అటు పిమ్మట రైతులను వడ్డీ వ్యాపారుల నుండి విడిపించుటకై మరి రెండు సంఘములను నెలకొల్పెను. ఈ మొదటి సంఘములు ధనవంతుల దయపై నిలిచినవి. దయ తగ్గగా సంఘమును తగ్గెను. 1864లో, తన 46వ యేట, ఆయన పద్ధతి మార్చెను. అప్పు గొనువాడే సభ్యుడు కావలెను. ఒకరి బాకీకి అందరును పూచీ పడవలెను. మరుసటి సంవత్సరము ఆరోగ్యము చెడి ఉద్యోగము మానుకొనవలసి వచ్చెను. అప్పటికే భార్య గతించినది, చూపు క్షీణించుచున్నది. జీవనమునకై ఇతర వ్యాపారములు చేసికొనవలసి వచ్చెను.

అందరును ఆయన పని ముగిసినదనుకొనదగిన సమయమది. 1866లో ఆయన పరపతి సంఘములను గూర్చి తన గ్రంథమును వెలువరించెను. కుమార్తె ఆయనకు తోడై వ్రాతపనిలో సాయపడెను. 1872లో గ్రామ సంఘములన్నిటికి కలిపి ఒక కేంద్ర బ్యాంకును స్థాపించెను. 1888లో ఆయన మరణించు నాటికి ఆ దేశమున ఆయన పద్ధతిని నడచు సంఘములు అనేకములు. మద్రాసు రాష్ట్రమున ఫ్రెడరిక్ నికల్సన్ 1895 మొదలు 1897 వరకు సమర్పించిన నివేదిక ఆ జర్మను పద్ధతిని మనకు పరిచయము చేసెను; 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. మనము నేడు చేతబట్టు వాటా పుస్తకమునకు మూలమున, నలుబదియారవ యేట తన పాత పద్ధతిని విడిచి కొత్త పద్ధతికి దిగిన ఒక మనుష్యుడు కలడు.

ఈ యిద్దరి బ్రదుకులలో దేశము వేరు, మతము వేరు, పని వేరు. అయినను రెండు విషయములు సమానముగా కానవచ్చుచున్నవి. మొదటిది, ఇద్దరును ఏమియు తెలియని చోట మొదలుపెట్టలేదు. ఐలమ్మకు ఊరి సంగతి అరచేతి గీతవలె తెలియును. రైఫైజనునకు ఏ సంఘము ఎందుచే కుంటువడునో పదునెనిమిది యేండ్ల యనుభవమున తెలిసినది. యువకుడు ఆశతో మొదలిడును. నడివయస్సు దాటినవాడు ఎరుకతో మొదలిడును. రెండవది, ఇద్దరును ఒంటరిగా లేరు. ఐలమ్మ వెనుక సంఘమున్నది. రైఫైజను చేసినది సంఘమే. ఒంటరివాని పునఃప్రారంభము కొద్ది దినములకే చల్లారును.

ఇంక మా వృత్తికి జెందిన మాట యొకటి చెప్పుదుము. నలుబది యేండ్లు పైబడిన మామిడి తోట కాపు తగ్గి, కొమ్మలు ఒకదానినొకటి క్రమ్ముకొని, లోపలికి ఎండ చొరనప్పుడు, యజమాని దానిని నరికి కట్టెలకు అమ్మజూచును. అట్లు చేయక, పెద్ద కొమ్మలను తగిన యెత్తున కత్తిరించి, గాయములకు బోర్డో పేస్టు పూసి, వచ్చిన చిగుళ్లలో బలమైనవానిని నిలిపి తక్కినవానిని తీసివేసిన యెడల, రెండు మూడేండ్లు కాపు లేక యుండి, పిమ్మట చెట్టు మరల ఫలించును. చెట్టు బలము వేరులో నున్నది. ఆ వేరు నలుబది యేండ్లు భూమిలోనికి దిగినది. నిన్న నాటిన మొక్కకు అది లేదు. అయితే బుద్ధిమంతుడు తోట అంతయు ఒకే యేట కత్తిరింపడు. ఒక భాగమును కత్తిరించి, తక్కిన భాగపు కాపుతో ఇల్లు గడుపుకొనును. ఈ రెండు సంగతులను ఏబది యేండ్ల రైతు తనకు అన్వయించుకొనవలెను: వేరు ఉన్నది గనుక భయపడ వలదు, ఇల్లు గడవవలెను గనుక అంతయు ఒక్కసారి మార్చ వలదు.

మన లింగాల ఘనపురం మండలము కల్లెము గ్రామమునకు చెందిన ఏనబావి యను చిన్న పల్లె ఇట్లే మారినది. అందలి కుటుంబములు రమారమి యేబది. భూమి సుమారు 280 ఎకరములు. 1990వ దశాబ్దపు చివర ఆముదపు చేలను ఎర్ర గొంగళి పురుగు పాడుచేయుచుండగా, జనగామలోని ఒక స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో ఆ రైతులు మందులు లేని ఉపాయములను పట్టిరి. ఆ పురుగు తల్లి రెక్కల పురుగు. తొలకరి వానలు పడగనే భూమిలోనుండి వెలువడి వెలుతురునకు చేరును. ఆ రాత్రులలో పొలము గట్లపై మంటలు వేసిన యెడల అందు పడి చచ్చును. ఒక్కడు వేసిన మంట చాలదు, ఊరంతయు వేయవలెను. ఒకరి చేను విడిచినను అందుండి పురుగు తక్కిన చేలకు ప్రాకును. అట్లు కలిసి చేయుట మరిగినవారు, ఒక్కొక్క యేడు ఒక్కొక్క మెట్టుగా, 2006 నాటికి పురుగు మందులను, రసాయనపు టెరువులను ఊరంతయు మానుకొనిరి. ఆ విధముగా రాష్ట్రమంతట వారి పేరు వినవచ్చెను. ఆ పల్లెలో అందరును యువకులు గారు. సగము వయస్సు ఒక విధమున సేద్యము చేసిన చేతులే మరియొక విధమును నేర్చినవి. దశాబ్దమునకు దగ్గరగా పట్టినను నేర్చినవి. ఇది మనకు గమనింపదగినది.

దీనికి చెప్పబడు ఆక్షేపణలు కలవు. వానిని దాచుట న్యాయము గాదు. మొదటిది అప్పు. "మెడ మీద మిత్తి యుండగా కొత్త పనులెక్కడివి" యందురు. నిజమే. అప్పులో మునిగినవానిని మూడెకరములును ఒక్కసారి మార్చుమని చెప్పుట పాపము. రసాయనపు టెరువును హఠాత్తుగా మానిన భూమి మొదటి యేండ్లలో దిగుబడి తగ్గించుట కలదు. ఆ తగ్గుదలను ఓర్వజాలనివాడు చెడును. అందుచేతనే మేము ఇరువది గుంటలకు మించి చెప్పుట లేదు. రెండవది శరీరము. మోకాళ్లు నొచ్చును, నడుము వంగదు. ఇదియు నిజమే. కాని బరువు మోయుట యొక్కటియే సేద్యము గాదు. ఎప్పుడు విత్తవలెనో, ఏ విత్తనము నిలుపుకొనవలెనో, ఏ మూల నీరు నిలుచునో, ఏ యెడ్డు కుంటుటకు ముందే కుంటనున్నదో చూచు కన్ను సేద్యమున సగపాలు. ఆ కన్ను ఏబదికి ముందు రాదు. మూడవది నలుగురి నవ్వు. దీనికి మందు లేదు. రెండు కార్తెలు ఓర్చుకొన్న యెడల అదియే అణగును.

మరియొక మాట. "రైతు" అనినప్పుడు మనము మగవానినే తలచుచున్నాము. ఏబది యేండ్ల స్త్రీ విషయమున ఈ "అయిపోయినది" యను మాట ఇంకను ముందుగా, నలుబదికే, వినవచ్చును. మన చేలలో కలుపు తీయునది, పత్తి ఏరునది, విత్తనమును కుండలో దాచునది ఆమెయే. పట్టా ఆమె పేర లేకపోవుటచే ఆమె తెలివి సంఘపు టేబులు వద్దకు రాదు. ఐలమ్మ పుట్టిన ప్రాంతపు సంఘమున స్త్రీలు వాకిట నిలిచి యుండుట మనకు శోభింపదు.

ఇక "ఎవరి కొరకు" అను ప్రశ్న మిగిలినది. ఆ పెద్దమనిషికి మేమిచ్చిన బదులు ఇది. ముప్పది యేండ్లు నీ పిల్లల కొరకు చేసితివి. ఆ ఋణము తీరినది. భూమి ఋణము ఇంకను తీరలేదు. పొందినప్పుడు భూమి ఎట్లుండెనో, విడుచునప్పుడు అంతకన్న మేలుగా ఉండవలెను. దానిని అనుభవించువాడు నీ కొడుకు కావచ్చును, కౌలుదారు కావచ్చును, నీ వెరుగని వేరొకడు కావచ్చును. చింతచెట్టు నాటినవాడు తన వయస్సును లెక్కింపడు. లెక్కించినచో మన యూరి త్రోవలయందు ఒక్క చింతయు ఉండకపోవును. యౌవనమున సేద్యము అవసరమునకు చేయుదుము, ఎంచుకొనుటకు తెరపి లేదు. అవసరము కొంత తీరిన పిమ్మట చేయు సేద్యమును మనమే యెంచుకొనుచున్నాము. పనికి అర్థము కలుగుట అప్పుడే. ఆ పెద్దమనిషి వెంటనే ఔననలేదు. "సూద్దాం సారూ" అనెను. రైతు నోట ఆ మాట తక్కువది గాదు.

కావున సంఘము ముందు మా మనవి నాలుగు విధములు.

మొదటిది: వయస్సొక్కటే కారణముగా ఏ సభ్యుని దరఖాస్తును వెనుకకు నెట్టకుండుట. పని యేమి, పూచీ యెవరు, రాబడి యెట్లు అని అడుగుడు. ఏబది దాటినవానికి పెద్ద మొత్తము కంటె చిన్న మొత్తము, కాలమునకు అందుట మేలు.

రెండవది: ఏబది దాటిన ప్రతి సభ్యుడును, సభ్యురాలును ఇరువది గుంటల నేలను "ప్రయోగపు మడి"గా వేరు చేయవలెను. అందు జనుము గాని జీలుగ గాని చల్లి పూతకు రాగనే దున్నుట, పత్తి సాళ్ల నడుమ కంది వేయుట, 100 లీటర్ల నీటికి 5 కిలోల వేపగింజల పప్పు పొడి చొప్పున రాత్రి నానబెట్టి వడకట్టి చల్లుట, ఈ మూటిలో ఏదైన నొకటి చేసిన చాలును. మూడును ఒక్కసారి వలదు.

మూడవది: ఆ మడికి జమా ఖర్చుల పుస్తక మొకటి ఉండవలెను. చదువు రానివారికి మనుమడో మనుమరాలో వ్రాయవచ్చును. హైదరాబాదు నుండి పండుగకు వచ్చిన కుమారునకు ఆ పుస్తకము చూపుడు. తండ్రి లెక్క చూచిన కొడుకునకు పొలముతో మాట కలియును. ఉపదేశము వినిన కొడుకునకు కలియదు.

నాల్గవది: పంట చేతికి వచ్చిన పిదప సంఘపు వాకిట ఒక సాయంకాలము ఈ మడుల వారందరును కూడవలెను. లాభించినది చెప్పవలెను, నష్టించినది అంతకన్న వివరముగా చెప్పవలెను. నష్టమును చెప్పినవానిని ఎవరును నవ్వరాదు. వాని నోటి మాటచే పదిమంది మిగులుదురు.

మేమును నలుబది దాటినవారమే. మరియొక దశాబ్దమున ఈ మాట మాకును వర్తించును. తనకు వర్తింపని యుపదేశము సులభమని యెరిగినవారము గనుక, మేము వ్రాసిన దానిని మేమును పాటింతుమని సంఘమునకు మాట యిచ్చుచున్నాము.

మృగశిర కార్తె జూన్ మొదటి వారమున ప్రవేశించును. అంతకు ముందుగా సభ్యులు తమ ఇరువది గుంటల మడి ఏ సర్వే నంబరులో నున్నదో, అందు చేయదలచిన దేమో, సంఘ కార్యదర్శి కడ పేరు వ్రాయించుకొన గోరుచున్నాము. భార్యాభర్తలిద్దరును వచ్చిన యెడల ఇద్దరి పేర్లను వ్రాయింపుడు.